గని పక్క బోరు నీళ్ళు: పీహెచ్ బాగానే ఉన్నా సల్ఫేట్ ఎందుకు చూడాలి

గని పక్కన ఉన్న బోరు నీళ్ళ రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్ళూ ముందు పీహెచ్ మీదకే పోతాయి. 7.1 అని కనిపిస్తే హమ్మయ్య అనుకుంటారు, యాసిడ్ లేదు కదా, నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా, ఐరన్ కూడా పెద్దగా లేదు కదా అని ఆ కాగితం మడిచి పక్కన పెట్టేస్తారు. అసలు చూడాల్సిన లైను ఇంకో నాలుగు లైన్ల కింద ఉంటుంది. సల్ఫేట్. గని వల్ల భూగర్భ జలం మారడం మొదలైందా లేదా అన్నది పీహెచ్ కన్నా కొన్నేళ్ళ ముందే, ఒక్కోసారి దశాబ్దాల ముందే చెప్పేది ఆ లైనే.

లెక్క కోసం ఒక బోరు ఊహించుకుందాం. ఐదేళ్ళ కింద తీసిన శాంపిల్‌లో లీటరుకి కాల్షియం 48 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 20, సోడియం 40, బైకార్బొనేట్ 260, క్లోరైడ్ 28, సల్ఫేట్ 35, పీహెచ్ 7.4. ఇప్పుడు అదే బోరులో కాల్షియం 130, మెగ్నీషియం 46, సోడియం 44, బైకార్బొనేట్ 305, క్లోరైడ్ 30, సల్ఫేట్ 310, పీహెచ్ 7.1. పీహెచ్ ఒక్కటే చూస్తే ఏమీ జరగలేదు. కానీ వీటిని మిల్లీ ఈక్వివలెంట్లలోకి, అంటే బరువు బదులు విద్యుదావేశం లెక్కన కొలిచే యూనిట్లలోకి, మార్చి చూస్తే (కాల్షియంని 20తో, మెగ్నీషియంని 12.15తో, సల్ఫేట్‌ని 48తో, బైకార్బొనేట్‌ని 61తో భాగిస్తే చాలు) కాల్షియం, మెగ్నీషియం కలిపి 6.2 పెరిగాయి, సల్ఫేట్, బైకార్బొనేట్ కలిపి 6.5 పెరిగాయి, అంటే రెండు వైపులా దాదాపు సమానంగా పెరిగింది. క్లోరైడ్ మాత్రం ఉన్న చోటే ఉంది. డ్రైనేజీ నీళ్ళు కలిసి ఉంటే క్లోరైడ్ పెరిగేది, ఎండకి ఆవిరై నీళ్ళు చిక్కబడి ఉంటే క్లోరైడ్, సోడియం అన్నీ ఒకే దామాషాలో పెరిగేవి. రెండూ జరగలేదు. ఎక్కడో రాతిలో యాసిడ్ పుట్టింది, ఆ యాసిడ్‌ని దారిలో ఉన్న సున్నపురాయో డోలమైటో (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి) మింగేసింది, మింగినందుకు కాల్షియం, మెగ్నీషియం నీళ్ళలోకి వచ్చాయి, యాసిడ్ తాలూకు సల్ఫేట్ మాత్రం అలాగే మిగిలిపోయి బోరు దాకా వచ్చేసింది. రాతిలో ఉన్న సున్నం ఇంకా అయిపోలేదు కాబట్టి పీహెచ్ నిలబడింది, అంతే తేడా.

ఇదంతా మొదలయ్యేది పైరైట్ దగ్గర. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, బంగారంలా మెరుస్తుంది, బొగ్గు పొరల్లో, రాగి, జింకు, సీసం, బంగారం ఖనిజాల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. భూమి లోపల నీళ్ళలో మునిగి ఉన్నంత కాలం దాని జోలికి ఎవరూ పోరు, అది ఎవరి జోలికీ రాదు. కారణం ఆక్సిజన్ అందకపోవడం. ఒక లీటరు గాలిలో 280 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటే లీటరు నీళ్ళలో కరిగి ఉండేది మహా అయితే 8 లేక 9 మిల్లీగ్రాములు, పైగా నీళ్ళలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కన్నా సుమారు పది వేల రెట్లు తక్కువ. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా విషయం చెప్తుంది. లీటరు నీళ్ళలో ఉన్న ఆ 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మొత్తం పైరైట్ మీదే ఖర్చయినా పుట్టే సల్ఫేట్ 13 మిల్లీగ్రాములే. మరి బోరులో 275 మిల్లీగ్రాములు అదనంగా కనిపించింది అంటే అది మునిగి ఉన్న రాయి నుంచి వచ్చే అవకాశం దాదాపు లేదు, ఎక్కడో రాయి నేరుగా గాలి పీలుస్తోంది, అది డంప్ (పనికిరాని రాళ్ళు పోసిన గుట్ట) కావచ్చు, నీళ్ళు తోడేసిన గని గోడ కావచ్చు, ఎండిపోయిన టెయిలింగ్స్ (ఖనిజం తీసేశాక మిగిలిన రాతి పిండి) కావచ్చు. (రాతిలో సహజంగా జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ ఖనిజం, ఉంటే సల్ఫేట్ దాని నుంచి కూడా వస్తుంది, ఎరువుల నుంచీ కొంత వస్తుంది, కాబట్టి ఆ రెండూ లేవని ముందు చూసుకోవాలి.)

గని తవ్వకం చేసే పని సరిగ్గా ఇదే, రాతికి గాలి అందించడం. ముందు రాయిని పేల్చి ముక్కలు చేస్తారు, ముక్కలైన కొద్దీ పైకి తేలే ఉపరితలం వందల వేల రెట్లు పెరుగుతుంది, తర్వాత గనిలో పని జరగడానికి నీళ్ళు తోడేస్తారు, దాంతో చుట్టూ భూగర్భ జలమట్టం గరాటు ఆకారంలో కిందకి దిగిపోతుంది, నీళ్ళు ఖాళీ చేసిన పగుళ్ళన్నిటిలోకి గాలి దూరుతుంది. చుట్టుపక్కల బోర్లు ఎండిపోవడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి గొడవ దాని మీదే జరుగుతుంది, కానీ అదే సమయంలో ఆ ఎండిన రాతిలో జరిగే కెమిస్ట్రీ ఎవరికీ కనిపించదు, దాని ఫలితం గని మూతపడ్డాక గానీ బయటికి రాదు, ఆ సంగతి కింద వస్తుంది.

పైరైట్ కరగడం రెండు దశల్లో నడుస్తుంది. మొదట ఆక్సిజన్, నీళ్ళు కలిసి పైరైట్‌ని విడగొడితే ఫెర్రస్ ఐరన్, సల్ఫేట్, యాసిడ్ వస్తాయి. ఫెర్రస్ ఐరన్ మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రిక్ అవుతుంది. పీహెచ్ బాగా ఉంటే ఆ ఫెర్రిక్ ఐరన్ నారింజ రంగు బురదలా కిందకి దిగిపోతుంది, బొగ్గు గనుల దగ్గర కాలవల్లో కనిపించే ఆ పసుపు నారింజ పూత అదే, అమెరికా బొగ్గు గని కార్మికులు దాన్ని ఎల్లో బాయ్ అంటారు. పీహెచ్ 3 కిందకి పడిపోతే మాత్రం ఫెర్రిక్ ఐరన్ నీళ్ళలోనే ఉండిపోయి తనే పైరైట్‌ని తినడం మొదలుపెడుతుంది, అప్పుడు నేరుగా పైరైట్ మీద పనిచేసేది ఆక్సిజన్ కాదు, ఐరనే, పైగా ఆక్సిజన్ కన్నా చాలా జోరుగా. ఇక్కడ ఒక చిక్కు ఉంది, అంత తక్కువ పీహెచ్‌లో ఫెర్రస్ తనంతట తాను ఫెర్రిక్‌గా మారాలంటే ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఆ గొలుసు అక్కడే తెగిపోవాలి. తెగదు, ఎందుకంటే ఆ పని చేసి బతికే బాక్టీరియా ఉన్నాయి. 1947లో బొగ్గు గని నీళ్ళలో వీటిని గుర్తించారు, ఇప్పుడు వాటిలో ఒకదాన్ని అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నారు, ఇవి ఆ మార్పుని లక్షల రెట్లు వేగంగా నడిపిస్తాయి. ఒకసారి ఆ స్థితికి చేరితే మంటకి గాలి తోడైనట్టే, వేడి కూడా పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ఐరన్ మౌంటెన్ అనే పాత గని లోపల ఈ వేడికి నీళ్ళు ఆవిరై చిక్కబడి చిక్కబడి పీహెచ్ సున్నా దాటి మైనస్ 3.6 దాకా పోయింది, సహజంగా కొలిచిన వాటిలో ఇంత ఆమ్లం ఉన్న నీళ్ళు వేరే చోట దొరకలేదు.

అయితే ప్రతి గనీ ఐరన్ మౌంటెన్ కాదు, ఎందుకు కాదంటే రాతిలో సున్నం ఉండటం వల్ల. ఒక టన్ను రాతిలో పైరైట్ రూపంలో 1 శాతం గంధకం ఉంటే దాని నుంచి వచ్చే యాసిడ్ మొత్తాన్ని చల్లార్చడానికి 31.25 కిలోల కాల్షియం కార్బొనేట్ కావాలి. గని మొదలుపెట్టే ముందు రాళ్ళని ల్యాబ్‌లో పరీక్షించి యాసిడ్ పుట్టించే శక్తి ఎంత, దాన్ని చల్లార్చే శక్తి ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తారు, చల్లార్చేది తక్కువైతే యాసిడ్ ఖాయం అనుకోవచ్చు, రెండు మూడు రెట్లు ఎక్కువుంటే పర్వాలేదు, మధ్యలో ఉంటే చెప్పలేం. వినడానికి బాగుంది కానీ ఈ లెక్కలో కాలం లేదు. సున్నపురాయి తొందరగా కరుగుతుంది, పైరైట్ నిదానంగా కరుగుతూ ఉంటుంది, కాబట్టి మొదటి పదేళ్ళు నీళ్ళు బ్రహ్మాండంగా కనిపించి సున్నం అయిపోయిన రోజు నుంచి పడిపోవచ్చు. పైగా సున్నపురాయి ముక్కల చుట్టూ ఐరన్ పూత పేరుకుపోతే లోపల సున్నం ఉన్నా అది నీళ్ళకి అందదు. అందుకే రాతిని గొట్టంలో పెట్టి వారం వారం తడిపి ఎండబెట్టి చూసే హ్యుమిడిటీ సెల్ టెస్ట్ అని ఒకటి ఉంది, దాన్ని కనీసం 20 వారాలు నడపమంటారు, 20 వారాలు కూడా చాలా రాళ్ళకి తక్కువే, ఏడాది రెండేళ్ళు నడిస్తే గానీ అసలు గుణం బయటపడని రాళ్ళు ఉన్నాయి.

పీహెచ్ పడిపోవడం కూడా ఒకేసారి జారుడుబల్ల మీద జారినట్టు ఉండదు, మెట్లు దిగినట్టు ఉంటుంది. కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) ఉన్నంత వరకు 6.5, 7 దగ్గర నిలబడుతుంది, అది అయిపోతే సిడరైట్ లాంటి ఐరన్ కార్బొనేట్ 5 దగ్గర కాసేపు పట్టుకుంటుంది, ఆ తర్వాత అల్యూమినియం హైడ్రాక్సైడ్ 4, 4.5 దగ్గర, చివరికి ఐరన్ హైడ్రాక్సైడ్ 3 చుట్టుపక్కల. ఒక మెట్టు మీద ఉన్నంతసేపు పీహెచ్ మీటర్‌లో అంకె కదలదు, కదలట్లేదు కదా అని ధైర్యంగా ఉంటారు, కానీ ఆ మెట్టు కింద ఖనిజం రోజూ కొంచెం కొంచెం అరిగిపోతూనే ఉంటుంది. దాన్ని చూపించేది మళ్ళీ సల్ఫేట్, కాల్షియం, హార్డ్‌నెస్‌లే.

సల్ఫేట్‌నే ఎందుకు నమ్మాలి అంటే దానికి మట్టితో, రాతితో పెద్దగా స్నేహం లేదు. మామూలు పీహెచ్‌లో దేనికీ అతుక్కోదు, నీళ్ళు ఎంత వేగంగా పోతే తనూ దాదాపు అంతే వేగంగా పోతుంది. సీసం, రాగి లాంటి లోహాలు మట్టి రేణువులకి, ఐరన్ ఆక్సైడ్‌లకి అతుక్కుని వెనకబడిపోతాయి. ఇసుక నేల అనుకుందాం, నీటిని పోనిచ్చే గుణం సెకనుకి ఒక మీటరులో లక్షో వంతు, నీటిమట్టం వాలు 100 మీటర్లకి 1 మీటరు, ఖాళీలు 20 శాతం, ఈ మూడిటితో లెక్కేస్తే నీళ్ళు ఏడాదికి సుమారు 16 మీటర్లు నడుస్తాయి. టెయిలింగ్స్ పాండ్ నుంచి 500 మీటర్ల దూరంలో బోరు ఉంటే సల్ఫేట్ అక్కడికి చేరడానికి 30 ఏళ్ళు, అదే నీళ్ళలో ఉన్న ఒక లోహం పది రెట్లు నిదానంగా కదిలితే 300 ఏళ్ళు. ఇప్పుడు గట్టి రాతి నేల తీసుకుంటే కథ తిరగబడుతుంది. రాతి మొత్తంగా చూస్తే నీళ్ళని పోనిచ్చే గుణం పదో వంతే, కానీ నీళ్ళు నడిచేది పగుళ్ళలోనే, ఆ పగుళ్ళ ఖాళీ వెయ్యిలో ఒక వంతు ఉంటే అదే వాలుకి ఏడాదికి 300 మీటర్లు దాటేస్తుంది, అంటే అదే 500 మీటర్లు రెండేళ్ళలోపే. పైగా పగులు ఎటు ఉంటే అటు, పక్క పక్కన ఉన్న రెండు బోర్లలో ఒకటి పాడై రెండోది బాగుండటం గట్టి రాతి ప్రాంతాల్లో మామూలే, బాగున్న బోరు చూపించి ఏమీ కాలేదనడం, పాడైన బోరు చూపించి అంతా పోయిందనడం రెండూ పొరపాటే.

సల్ఫేట్‌ని నమ్మడంలో ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో సల్ఫేట్ పెరిగి పెరిగి లీటరుకి 1500, 2000 మిల్లీగ్రాముల దగ్గరకి వచ్చేసరికి ఇక కరగలేక జిప్సంగా గడ్డకట్టి పడిపోతుంది. గ్రాఫ్‌లో గీత అడ్డంగా పడుకుంటుంది. పెరగడం ఆగింది, పరిస్థితి కుదుటపడింది అని ఆ గీతని చూసి రాసేస్తుంటారు, నిజానికి అక్కడ ఆగింది కరిగే శక్తి, యాసిడ్ పుట్టడం కాదు.

ఇంకో పెద్ద అపోహ, పీహెచ్ 7 ఉంటే లోహాలు ఉండవని. ఐరన్, అల్యూమినియం, సీసం, రాగి విషయంలో ఇది చాలావరకు నిజమే, పీహెచ్ పెరిగితే అవి దిగిపోతాయి. జింకు, నికెల్, కాడ్మియం, మాంగనీస్ మాత్రం పీహెచ్ 7 దగ్గర కూడా నీళ్ళలో హాయిగా తిరుగుతాయి, మాంగనీస్‌ని సున్నంతో దించాలంటే పీహెచ్ 9 దాటాలి. ఇక ఆర్సెనిక్, సెలీనియం, మాలిబ్డినం, యురేనియం వీటి తీరే వేరు. ఇవి నీళ్ళలో ఎక్కువగా ఋణావేశంతో ఉంటాయి కాబట్టి పీహెచ్ పెరిగే కొద్దీ ఐరన్ ఆక్సైడ్ మీద పట్టు వదిలేసి నీళ్ళలోకి వచ్చేస్తాయి. యురేనియం అయితే కార్బొనేట్‌తో జట్టు కట్టి బాగా కరిగిపోతుంది, అంటే యాసిడ్‌ని చల్లార్చిన బైకార్బొనేటే యురేనియంని మోసుకెళ్ళే బండి అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటికి ఇచ్చిన అంకెలు చూస్తే ఇవెంత తక్కువ మోతాదులో లెక్కకొస్తాయో తెలుస్తుంది, లీటరుకి ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు, కాడ్మియం 3, యురేనియం 30, సెలీనియం 40. ఇవి కంటికి కనిపించవు, నాలుకకి తెలియవు. సల్ఫేట్‌కి ఆ సంస్థ ఆరోగ్యపరంగా పరిమితి పెట్టలేదు, రుచి తేడా కొట్టడం, 500 దాటితే ఆరోగ్య శాఖకి చెప్పమనడం వరకే. దాంతో సల్ఫేట్ వల్ల ప్రమాదం ఏముంది అని కొట్టిపారేస్తారు, సల్ఫేట్ వల్ల కాదు, దాని వెనక ఏమొస్తున్నాయో అన్నదే అసలు ప్రశ్న.

యాసిడ్‌తో సంబంధమే లేకుండా నీళ్ళు పాడయ్యే దారులు కూడా ఉన్నాయి. ఒడిశాలో సుకిందా లోయ మన దేశపు క్రోమైట్‌లో (క్రోమియం ఖనిజం) దాదాపు అంతటికీ మూలం, అక్కడ సమస్య పైరైట్ కాదు. క్రోమైట్‌లో ఉండే క్రోమియం మూడో ఆక్సీకరణ స్థాయిది, దాదాపుగా కరగదు, పెద్దగా విషం కాదు. అదే రాతిలో, మట్టిలో ఉండే మాంగనీస్ ఆక్సైడ్‌లు దాన్ని ఆక్సిడైజ్ చేసి ఆరో స్థాయికి మారుస్తాయి, అది కరుగుతుంది, అతుక్కోదు, కాన్సర్ తెప్పించే గుణం ఉంది, పైగా పీహెచ్ 7, 8 దగ్గర ఇంకా సులువుగా కదులుతుంది. అలాంటి చోట సల్ఫేట్ చూసి లాభం లేదు, ఆరో స్థాయి క్రోమియంని విడిగా అడగాలి, మొత్తం క్రోమియం ఒక్కటే కొలిస్తే సగం విషయమే తెలుస్తుంది.

నైట్రేట్ సంగతి కూడా చాలామందికి తట్టదు. గనుల్లో పేల్చే మందులో ఎక్కువ భాగం అమ్మోనియం నైట్రేట్, డీజిల్ కలిపినదే. కారిపోయింది కొంత, సరిగ్గా పేలకుండా మిగిలింది కొంత రాళ్ళతో పాటు డంప్‌లోకి పోతుంది, వానకి కరిగి నైట్రేట్, అమ్మోనియాగా కిందకి దిగుతుంది. చుట్టూ పొలాలుంటే అది ఎరువుదా గనిదా అని తేల్చడం కష్టమే, కానీ గనిలోంచి తోడి పోసే నీళ్ళలో అమ్మోనియా, నైట్రేట్ రెండూ కలిసి ఎక్కువగా ఉండి, పొలాల వైపు బోర్లలో నైట్రేట్ ఒక్కటే ఉంటే కొంత దారి దొరుకుతుంది. నైట్రేట్ ఇంకో పని కూడా చేస్తుంది, ఆక్సిజన్ లేని లోతుల్లో ఆక్సిజన్ బదులు తనే పైరైట్‌ని ఆక్సిడైజ్ చేయగలదు, అప్పుడు నైట్రేట్ తగ్గి సల్ఫేట్ పెరుగుతుంది, రిపోర్ట్ చూసినవాళ్ళు నైట్రేట్ తగ్గిందని సంతోషపడతారు.

గని నడుస్తున్నప్పుడు కన్నా మూతపడ్డాకే నీళ్ళకి గండం ఎక్కువ, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పంపులు నడిచినంత కాలం నీళ్ళన్నీ గని వైపే వస్తాయి, బయటికి పోవు. పాడైన నీళ్ళు కూడా ఒక చోటే పోగవుతాయి, తోడి శుద్ధి చేయొచ్చు. ఈ లోపు గాలి తగిలిన గోడల మీద, పగుళ్ళలో ఐరన్ సల్ఫేట్ ఉప్పులు తెల్లగా, పచ్చగా, పసుపుగా పూతలా పేరుకుంటాయి, మెలాంటరైట్, జారోసైట్ అని వాటికి పేర్లున్నాయి, వీటిలో పచ్చటి ఉప్పులు నీళ్ళు తగిలితే ఇట్టే కరిగిపోయేవి, అవి గడ్డకట్టిన యాసిడ్ అనుకోవచ్చు. పంపులు ఆపిన రోజు నుంచి నీళ్ళు మెల్లగా పైకి లేస్తూ ఈ ఉప్పులన్నిటినీ కడుక్కుంటూ వస్తాయి. అందుకే గని నిండాక బయటికొచ్చే మొదటి నీళ్ళు అన్నిటికన్నా ఘోరంగా ఉంటాయి, తర్వాత మెల్లగా తగ్గుతాయి. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని వీల్ జేన్ తగరపు గనిని 1991లో మూసి పంపులు ఆపేశారు, ఏడాది తిరక్కుండానే 1992 జనవరిలో కోట్ల లీటర్ల నీళ్ళు బయటికి తన్నుకొచ్చి ఫాల్ నది సముద్రంలో కలిసే చోటంతా నారింజ రంగు అయిపోయింది. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పడమటి భాగం నిండిపోయి 2002లో క్రూగర్స్‌డార్ప్ దగ్గర నేల మీదకి పొంగింది, అక్కడి బంగారు రాతిలో యురేనియం కూడా ఉంటుంది కాబట్టి అది వట్టి యాసిడ్ సమస్య కాదు. అమెరికాలో మోంటానా రాష్ట్రం బ్యూట్ ఊళ్ళో బర్కిలీ పిట్ అనే రాగి గనికి 1982లో పంపులు ఆగాయి, గుంత నిండుతూ నిండుతూ పీహెచ్ 2.5 ఉన్న సరస్సు అయింది, 1995లో వలస వెళ్తూ అందులో దిగిన 342 మంచు బాతులు చచ్చిపోయాయి. అక్కడ ఆ నీటిమట్టం ఒక హద్దు దాటితే సరస్సు నుంచి చుట్టూ ఉన్న భూగర్భ జలంలోకి నీళ్ళు వెనక్కి పారడం మొదలవుతుంది, ఆ హద్దు రాకముందే 2019 నుంచి తోడి శుద్ధి చేస్తున్నారు. గుంత చుట్టూ నీళ్ళు ఎటు వాలి ఉన్నాయో అన్నదే అక్కడ అసలు విషయం, కెమిస్ట్రీ ఎంత చెడ్డదైనా నీళ్ళు లోపలికే పారుతున్నంత కాలం ఊరి బోర్లకి రాదు.

ఇక ప్రతి గని దగ్గరా వచ్చే వాదన ఒకటి, ఇది గని వల్ల కాదు, ఈ రాయి గుణమే అంత, ముందు నుంచీ నీళ్ళు ఇలాగే ఉన్నాయి అని. దీన్ని అబద్ధమని కొట్టేయడానికి లేదు. ఖనిజం ఉన్న చోటే గని పెడతారు, ఖనిజం ఉన్న చోట నీళ్ళలో ఆ ఖనిజం జాడలు గనికి ముందు కూడా ఉంటాయి. స్పెయిన్‌లో రియో టింటో నది ఎర్రగా, పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది, అక్కడ సుమారు ఐదు వేల ఏళ్ళుగా తవ్వకాలు జరిగాయి, అసలు మనిషి చెయ్యి పడకముందు కూడా అక్కడ సహజంగా ఆమ్లం పుట్టిన ఆనవాళ్ళు రాతిలో ఉన్నాయి, ఎంత సహజం ఎంత మనిషిది అని ఇప్పుడు విడదీయడం కష్టం. కాబట్టి దీనికి జవాబు వాదనలో దొరకదు, గని మొదలవకముందు కనీసం ఏడాది పాటు, వానాకాలం ఎండాకాలం రెండూ కలిసేలా తీసిన శాంపిళ్ళలో దొరుకుతుంది. అవి లేకపోతే నీళ్ళు గని వైపు వచ్చే దిక్కున, గనికి పైన ఉన్న బోరుతో పోల్చాలి, అదీ ఒకే రకం రాతిలో ఉన్న బోరు అయి ఉండాలి, ఎర్రమట్టిలో లోతు తక్కువ ఉన్న బావిని తెచ్చి గట్టి రాతి బోరుతో పోలిస్తే అది పోలికే కాదు. సల్ఫేట్‌కి క్లోరైడ్‌కి నిష్పత్తి ఏళ్ళ తరబడి ఎలా మారిందో చూడొచ్చు. ఇంకా తేల్చుకోవాలంటే సల్ఫేట్‌లోని గంధకం, ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలుస్తారు, పైరైట్ నుంచి వచ్చిన గంధకానికి, పాత సముద్రపు జిప్సం నుంచి వచ్చిన దానికి చాలాసార్లు స్పష్టమైన తేడా ఉంటుంది.

ఇవన్నీ ఎంత బాగా తెలిసినా శాంపిల్ తప్పుగా తీస్తే వృథా, నిజం చెప్పాలంటే గని నీళ్ళ రిపోర్టులు ఎక్కువగా చెడిపోయేది ల్యాబ్‌లో కాదు, బోరు దగ్గరే. బోరు గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు కాకుండా రాతిలోంచి వచ్చే నీళ్ళు పట్టాలి, అందుకని పీహెచ్, ఈసీ (నీళ్ళ విద్యుత్ వాహకత) అంకెలు నిలకడగా వచ్చే దాకా తోడి పారబోయాలి. పీహెచ్, ఆక్సిజన్, ఆల్కలినిటీ (యాసిడ్‌ని చల్లార్చే శక్తి) అక్కడికక్కడే కొలవాలి. లోహాల కోసం పట్టే సీసాని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందకి తేవాలి, సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బొనేట్ కోసం ఇంకో సీసా యాసిడ్ వెయ్యకుండా పట్టాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ యాసిడ్ వెయ్యని సీసాలో జరిగేది చూడండి: లోతు నీళ్ళలో కరిగి ఉన్న ఫెర్రస్ ఐరన్‌కి సీసాలో గాలి తగులుతుంది, ల్యాబ్‌కి చేరేలోపు అది తుప్పు రంగు మడ్డిగా అడుగున దిగుతుంది, దిగుతూ దిగుతూ నీళ్ళలో ఉన్న ఆర్సెనిక్‌ని కూడా తనతో లాక్కుపోతుంది, పైగా ఆ మార్పులో యాసిడ్ పుట్టి పీహెచ్ కూడా పడిపోతుంది. ల్యాబ్ వాళ్ళు పైన తేట నీళ్ళు తీసి కొలిస్తే ఐరన్ లేదు, ఆర్సెనిక్ లేదు అని వస్తుంది. ల్యాబ్ తప్పు చెప్పలేదు, కానీ బోరులో ఉన్న నీళ్ళు అవి కావు.

రిపోర్ట్ చేతికొచ్చాక ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది, ధనావేశాల మొత్తం, ఋణావేశాల మొత్తం సరిపోయాయా లేదా చూడటం. పైన చెప్పిన ఊహా బోరు ఇప్పటి శాంపిల్‌లో మిల్లీ ఈక్వివలెంట్లలో 12.2కి 12.3 వచ్చింది, అంటే ఒక శాతం లోపు తేడా. 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే ఏదో కొలవలేదు లేదా తప్పు కొలిచారు, ఆ అంకెల మీద ఏ నిర్ణయం తీసుకున్నా అది గాల్లో కట్టిన మేడే. ఆమ్ల నీళ్ళకి ఈ లెక్కలో ఐరన్, అల్యూమినియం, హైడ్రోజన్ అయాన్లు కూడా కలపాలి, లేకపోతే ఎప్పుడూ తేడా కొడుతుంది.

బాగుచేసే దారుల గురించి చెప్పాలంటే సున్నం కలిపి లోహాలని దించేయడం అన్నిటికన్నా ఎక్కువ వాడే పద్ధతి, పనిచేస్తుంది, కానీ కొండల్లా బురద మిగులుతుంది, సల్ఫేట్ జిప్సం హద్దు కన్నా కిందకి దిగదు. గాలి తగలకుండా సున్నపురాయి కాలవల్లోంచి పంపడం, చిత్తడి నేలలు పెంచడం తక్కువ ఖర్చువి, తక్కువ ఆమ్లానికే సరిపోతాయి. నేల లోపలే నీళ్ళ దారికి అడ్డంగా కుళ్ళే చెత్త, చెక్కపొట్టు లాంటి వాటితో గోడ కట్టి, అందులో సల్ఫేట్‌ని తినే బాక్టీరియా పెరిగేలా చేసి, సల్ఫేట్‌ని సల్ఫైడ్‌గా మార్చి లోహాలని అక్కడే బంధించడం ఇంకో దారి, కెనడాలో సడ్‌బరీ దగ్గర నికెల్ రిమ్ గని దగ్గర 1995లో అలాంటి గోడ కట్టారు. ఒక రకంగా ఇది పైరైట్ కథని వెనక్కి నడిపించడమే. అన్నిటికన్నా మేలైనది మాత్రం రాతికి మళ్ళీ గాలి అందకుండా చేయడం, పైరైట్ ఎక్కువున్న రాయిని మొదటి నుంచే విడదీసి నీళ్ళ కిందో, తేమ నిలుపుకునే మట్టి కిందో పెట్టడం, ఇది గని నడుస్తున్నప్పుడే చేయాలి, డంప్ అంతా కలగాపులగం అయిపోయాక ఆ రాయిని వెతికి తీయలేరు. ఐరన్ మౌంటెన్‌లో ఇంకా మిగిలి ఉన్న పైరైట్ ఇప్పటి వేగంతో కరిగితే అయిపోవడానికి దాదాపు 3000 ఏళ్ళు పడుతుందని లెక్కగట్టారు, అక్కడి సున్నం ప్లాంట్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది.